వాన 30 శాతం: ఒకే సూచన, రెండు సరైన నిర్ణయాలు

కృష్ణా డెల్టాలో ఇద్దరు రైతులు ఒకే వాతావరణ సూచన విన్నారనుకోండి. రెండు రోజుల్లో భారీ వర్షం పడే అవకాశం 30 శాతం. మొదటి రైతు వరి కోసి కుప్ప వేశాడు. రెండో రైతు చేను ఇంకా గింజ గట్టిపడే దశలో ఉంది.

కుప్పకు బరకాలు కప్పడానికి కూలితో కలిపి 2,000 రూపాయలవుతుంది. కప్పకపోతే, వాన పడితే, 20,000 రూపాయల ధాన్యం పోతుంది. ఇలాంటి సూచన పదిసార్లు వస్తే సుమారు మూడుసార్లు వాన పడుతుంది. పదిసార్లూ కప్పితే ఖర్చు 20,000. అసలు కప్పకుండా ఉంటే నష్టం 60,000. కప్పడమే మేలు.

రెండో రైతు తొందరపడి కోస్తే తాలు గింజల వల్ల 10,000 పోతుంది. కోయక, చేను పడిపోతే 20,000. పదిసార్లూ ముందే కోస్తే లక్ష నష్టం, ఆగితే 60,000. ఈయన ఆగడమే సరైనది.

వాతావరణ శాస్త్రంలో దీన్ని ఖర్చు-నష్టం నమూనా అంటారు. ముందుజాగ్రత్తకయ్యే ఖర్చును, దానివల్ల తప్పే నష్టంతో భాగించాలి. వచ్చిన అంకె కంటే ప్రమాద సంభావ్యత ఎక్కువైతే కదలాలి. మొదటి రైతుకు ఆ గీత 10 శాతం దగ్గర, రెండో రైతుకు 50 శాతం దగ్గర ఉంది. "కచ్చితంగా వస్తుందా?" అన్న ప్రశ్నకు ఇందులో చోటే లేదు. వాన పడకపోయినా, బరకాలు కప్పిన రైతు నిర్ణయం తప్పు కాదు.

ఇదే లెక్క తుపాను వేళ ప్రభుత్వానికి వస్తే నష్టం వైపున ప్రాణాలుంటాయి. అప్పుడు గీత చాలా కిందికి జారుతుంది. తక్కువ సంభావ్యతకే జనాన్ని తరలించాలి. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10,000 మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటేలోపు ఒడిశా, ఆంధ్ర తీరాల నుంచి సుమారు పది లక్షల మందిని తరలించారు. మృతులు పదుల సంఖ్యలోనే ఉన్నారు. ఫైలిన్ 1999 నాటి తుపానంత తీవ్రమైనది కాదన్నది నిజమే. అయినా ఆ తేడాలో తరలింపు వాటా పెద్దది.

అసలు చిక్కు సమయంతో వస్తుంది. ఆగేకొద్దీ అంచనా మెరుగవుతుంది, తరలించే గడువు మాత్రం కరిగిపోతుంది. భారత వాతావరణ శాఖ 72, 48, 24 గంటల ముందు అంచెలంచెలుగా హెచ్చరికలు ఇవ్వడం ఇక్కడ పనికొస్తుంది. వేటకు వెళ్లిన పడవలను వెనక్కి పిలవడం లాంటి చవకైన, వెనక్కి తీసుకోగలిగిన పనులు ముందు చేయవచ్చు. ఊళ్లు ఖాళీ చేయించడం లాంటి భారీ పనిని అంచనా బలపడ్డాక, గడువు మిగిలి ఉండగానే మొదలుపెట్టవచ్చు.

నమూనా పట్టుకోలేనివి రెండున్నాయి. తుపాను రెండుసార్లు దారి మళ్లితే మూడోసారి పిలుపుకు జనం కదలకపోవచ్చు. ఒక్కో నిర్ణయాన్ని విడిగా చూసే లెక్కలో ఈ నష్టం కనిపించదు. రెండోది, ఖర్చు ఎవరిదన్న సంగతి. నిర్ణయం కలెక్టరుది. రెండు రోజుల వేట మానుకున్నది మత్స్యకారుడు. పాడిగేదెను కట్టుకొయ్యకు వదిలి ఆశ్రయ కేంద్రానికి వెళ్లమంటే ఆమె గడపలోనే నిలబడిపోతుంది. ఆమె లెక్కలో గీత వేరేచోట ఉంది. పశువులకూ ఎత్తైన చోటు చూపిస్తే అది కొంత కిందికి దిగుతుంది.