ఐదో నెల పాప, సంక్రాంతి ప్రయాణం

విడవలూరు,
ధనుర్మాసం.

చి.ల.సౌ. బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్లో నీ గొంతు వింటే నాకే బెంగ పట్టుకుంది. పక్క ఫ్లాటు వాళ్ల పిల్లోడు మూడో నెలలోనే బోర్లాపడ్డాడంట, మన పాప నాలుగు నెలలు నిండినా ఇంకా పక్కకి ఒత్తిగిలడం దగ్గరే ఉందంట, ఫోన్లో ఏదో యాప్ 'ఈ వారం మీ బిడ్డ ఇది చేస్తుండాలి' అని రోజూ గుర్తు చేస్తోందంట. అంతలో పాప లేచింది, నువ్వు ఫోన్ పెట్టేసినావు. పండక్కి రైల్లో రావాలా కారులో రావాలా అన్నది కూడా తేలలేదు. అందుకే ఈ రెండిటి గురించీ తీరిగ్గా రాస్తున్నా. పాప నిద్రపోయినాక చదువుకో.

ముందు ఆ బోర్లాపడే సంగతి. భయపడబాక. చాలామంది పిల్లలు నాలుగో నెలకీ ఆరో నెలకీ మధ్య ఎప్పుడో ఒకప్పుడు బోర్లాపడతారు. అంగన్‌వాడీలో నేను టీచర్‌గా ఉన్నన్నాళ్లూ ఒకే వారంలో పుట్టిన పిల్లల్ని పక్కపక్కనే చాప మీద పడుకోబెట్టి చూసినా. ఒకరు చేసినట్టు ఇంకొకరు ఎప్పుడూ చేయలేదు. బొద్దుగా ఉండే పిల్లలు కాస్త ఆలస్యం చేస్తారు. బక్కపల్చగా ఉండేవాళ్లు తొందరపడతారు. అది కూడా అందరికీ కాదు.

మన పెద్దోళ్లు ఈ విషయంలో యాప్‌ల కంటే తెలివైనోళ్లు. బోర్లాపడితే బొబ్బట్లు పంచమన్నారు, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు. ఏ పనికి ఏ పిండివంటో చెప్పినారు కానీ ఏ నెలలో చేయాలో ఎక్కడా చెప్పలేదు, చూసినావా? బిడ్డ ఎప్పుడు చేస్తే అప్పుడే బాణలి పొయ్యి మీదికి ఎక్కుతుంది.

డాక్టర్లు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం, ఘానా, నార్వే, ఒమన్, అమెరికా, ఈ ఐదు దేశాల్లో 816 మంది పిల్లల్ని గమనించి 2006లో లెక్కలు ప్రచురించింది. మన దేశం తరఫున ఢిల్లీ పిల్లలు ఉన్నారందులో. వాళ్లంతా ఆరోగ్యంగా పెరిగిన పిల్లలే. అయినా ఆసరా లేకుండా కూర్చోవడం ఒకరికి 3.8 నెలలకే వస్తే ఇంకొకరికి 9.2 నెలల దాకా రాలేదు. ఒంటరిగా నడవడమైతే 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా ఎప్పుడైనా కావచ్చు. అంటే దాదాపు తొమ్మిది నెలల తేడా! నూటికి నలుగురు పిల్లలు అసలు మోకాళ్ల మీద పాకనే లేదు, నేరుగా లేచి నిలబడినారు. పక్కింటి పిల్లోడితో పోల్చుకుని నువ్వు నిద్ర పాడుచేసుకోవడం ఎందుకు చెప్పు?

నువ్వు చేయగలిగిన పని ఒకటుంది. పాప మెలకువగా, హుషారుగా ఉన్నప్పుడు, పాలు తాగిన వెంటనే కాకుండా కాసేపాగి, నేల మీద చాప పరిచి బోర్లా పడుకోబెట్టు. పక్కనే నువ్వూ బోర్లా పడుకుని ముఖంలో ముఖం పెట్టి మాట్లాడు. మొదట్లో రెండు నిమిషాలకే ఏడుస్తుంది, ఎత్తుకో. మళ్లీ సాయంత్రం పడుకోబెట్టు. మోచేతుల మీద ఛాతీ లేపి, గిలక ఎటు మోగితే అటు తల తిప్పుతూ, ఒక చేయి తన కిందే ఇరుక్కుపోతే కోపంగా మూలుగుతుంది. ఆ చేయిని లాక్కోవడం నేర్చుకున్న రోజే దొర్లుతుంది. దివాన్ మీద, మెత్తటి పరుపు మీద అయితే ఈ కసరత్తు కుదరదు, నేల గట్టిగా ఉండాలి. నిద్ర మాత్రం ఎప్పుడూ వెల్లకిలా. ఇందులో ఎవరు ఏం చెప్పినా వినబాక.

అట్లాగని అన్నిటికీ 'అదే వస్తుందిలే' అని కూర్చోకూడదు. మూడు నెలలు దాటినా మనిషి ముఖం చూసి నవ్వకపోయినా, ఐదో నెలలో కూడా మెడ వాలిపోతున్నా, ఎప్పుడూ ఒక చేయే వాడుతూ రెండోది పిడికిలి బిగించే ఉంచినా, పెద్ద చప్పుడుకి ఉలిక్కిపడకపోయినా, తొమ్మిది నెలలు నిండినా కూర్చోలేకపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకి చూపించాలి. అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన పని పోవడం. నిన్నటిదాకా చేసింది ఇవాళ చేయలేకపోతే ఆ రోజే పోవాలి. నెల తక్కువలో పుట్టిన పిల్లలకి మాత్రం పుట్టినరోజు నుంచి కాదు, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కపెట్టాలి. ఈ సంగతి నీ స్నేహితురాలికి చెప్పు, ఆమె బాబు ఎనిమిదో నెలలో పుట్టినాడన్నావు కదా. ఇట్లాంటి అనుమానాలకి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగా పరీక్ష చేస్తారు. పెద్ద ఆస్పత్రే అక్కర్లేదు, ఆశా కార్యకర్తని అడిగితే దారి చూపిస్తుంది. మన పాప నవ్వుతోంది, మెడ నిలిపింది, గిలక కోసం రెండు చేతులూ చాపుతోంది. ఇంకేం కావాలి?

మాటల గురించి కూడా ఇప్పుడే చెప్తున్నా, ఎందుకంటే ఇక్కడికి రాగానే ఎవరో ఒకరు వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాస్తామంటారు. వద్దను. మాటలు వసతో రావు, మాట్లాడితే వస్తాయి. స్నానం చేయిస్తూ, బట్టలు మడతపెడుతూ చెప్పుకుంటూ పో. పాప 'ఊ... ఊ...' అన్నప్పుడల్లా ఆగి, తన వంతు తనకివ్వు. సెల్‌ఫోన్లో పాటలు పెట్టి చేతికిచ్చే పని అసలు వద్దు. ఏడాది నిండేదాకా పిల్లలకి తెర చూపించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఇక ప్రయాణం.

చంటిపిల్లలతో ప్రయాణం కష్టమని అందరూ భయపెడతారు గానీ, నన్నడిగితే నాలుగైదు నెలల బిడ్డతో ఉన్నంత సుఖం మళ్లీ ఉండదు. తిండి నీ దగ్గరే ఉంది. బిడ్డ పెట్టినచోటే ఉంటుంది. అదే తొమ్మిదో నెలలో అయితే బోగీ అంతా పాకుతానంటుంది, సీటు కింద పల్లీ తొక్క తీసి నోట్లో పెట్టుకుంటుంది. నెల చూసి కాదు, బిడ్డకి ఏం చేతనైందో చూసి ప్రయాణం కట్టాలి.

అల్లుడు కారులో వద్దామంటున్నాడంట. నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, అద్దంకి మీదుగా ఒంగోలు చేరి కావలి, నెల్లూరు రావాలి. మామూలు రోజుల్లోనే పగలంతా పట్టే దారి. సంక్రాంతి ముందర టోల్‌గేట్ల దగ్గర ఎంతసేపు ఆగాలో ఎవరికీ తెలియదు. ఐదో నెల బిడ్డ గంటల తరబడి సీట్లో వంగి కూర్చోకూడదు. రెండు గంటలకోసారి బండి ఆపి, బయటికి తీసి, చదునుగా పడుకోబెట్టాలి. అందుకని సింహపురి ఎక్స్‌ప్రెస్సే మేలు. సికింద్రాబాదులో రాత్రి ఎక్కితే పొద్దునకి నెల్లూరు. ఐదేళ్ల లోపు పిల్లలకి టికెట్టు లేదు కానీ బెర్తూ ఉండదు, నీ బెర్తులోనే పడుకోవాలి. కాబట్టి కింది బెర్తు దొరికితేనే ఖాయం చేయి. పాపని గోడ వైపు పెట్టుకుని నువ్వు బయటివైపు పడుకో. నువ్వు ఎదురుచూస్తున్న ఆ బోర్లాపడడం అదే రాత్రి బెర్తు మీదే మొదలుపెట్టొచ్చు, పిల్లలు చెప్పి చేయరు కదా! 2022లో లక్నో మెయిల్లో కింది బెర్తు పక్కన చంటిబిడ్డకి చిన్న బెర్తు బిగించి చూసినారు. మన బండిలో ఉంటుందని ఆశపెట్టుకోబాక.

ఏసీ బోగీలో అర్ధరాత్రి చలి ఎక్కువ. ఒక మందపాటి దుప్పటి కంటే రెండు పల్చటి చొక్కాలు నయం, వేడనిపిస్తే ఒకటి తీసేయొచ్చు. ముఖం మీద ఏమీ కప్పబాక. తల్లిపాలే తాగుతోంది కాబట్టి సీసా, ఫ్లాస్కు, వేడినీళ్ల గొడవ లేదు. దాహమేస్తుందని ఎవరో నీళ్లు పట్టమంటారు, ఆరు నెలలు నిండేదాకా చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు. టీకాలు రాసే ఎంసీపీ కార్డు మాత్రం పెట్టెలో కాదు, నీ చేతిసంచిలో పెట్టుకో. పద్నాలుగో వారం టీకాలు అయిపోయినాయి కాబట్టి తొమ్మిది నెలలు నిండినాక వేసే మీజిల్స్-రుబెల్లా దాకా పెద్ద పని లేదు. అయినా దారిలో జ్వరమొస్తే ఏ డాక్టరైనా ముందు అడిగేది ఆ కార్డే. ఇంకోటి, నీ ఐరన్, కాల్షియం మాత్రలు. కాన్పయినాక ఆరు నెలలు మింగాలి. నువ్వు మానేసి ఉంటావని నా అనుమానం.

ఇక్కడికి వచ్చినాక అసలు పరీక్ష మొదలవుతుంది. పండక్కి ఇంటికొచ్చే చుట్టాలందరూ పాపని ముద్దుపెట్టుకుంటారు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లని దూరంగా ఉండమని నేనే చెప్తా, నువ్వు చెప్తే పొగరంటారు. వరి మళ్లు, రొయ్యల గుంటలు చుట్టూ ఉన్న ఊరు, సాయంత్రమైతే దోమలు ముసురుతాయి. కాయిల్ పొగ, సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరికి మంచివి కావు. దోమతెర ఉతికి ఆరేసి పెట్టినా. కళ్లకి కాటుక వద్దు. దిష్టిచుక్క అరికాలికి పెడదామనుకుంటావేమో, ఇంకొన్నాళ్లకి కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుంటుంది, ఆ కాటుకా కడుపులోకే పోతుంది. చెవి వెనక పెట్టు చాలు. రామతీర్థం గుడికి తీసుకెళ్దామని మీ నాన్న ఉబలాటపడుతున్నాడు. సాయంత్రం పూట స్వామి దర్శనం చేసుకుని ఇవతలకి రావడమే, సముద్రపు ఒడ్డున గాలికి కూర్చోవడాలు వద్దు.

మీ అత్తగారు ఇంకోటి అన్నారంట, ఎట్లాగూ ఐదో నెల, బేసి నెల, అందరం కలుస్తున్నాం, పండగలోనే అన్నప్రాసన కానిచ్చేద్దామని. ఆమె మాట తీసెయ్యబాక. ఆడపిల్లకి ఏడో నెల కూడా బేసి నెలే కదా అత్తయ్యా అను. ఏడో నెల వచ్చేసరికి ఆరు నెలలు సరిగ్గా నిండుతాయి, డాక్టర్లు చెప్పేదీ అప్పుడే. శాస్త్రమూ చెడదు, వైద్యమూ చెడదు. ఆ రోజు నాలిక మీద తేనె రాస్తామంటే మాత్రం ఒప్పుకోబాక. ఏడాది లోపు పిల్లలకి తేనె నుంచి బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

భోగిపళ్లు పోయాల్సిందే, అందులో నాకూ ముచ్చటే. అయితే మన ఇళ్లలో రేగుపళ్లతో పాటు చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర కూడా కలిపి పోస్తారు. ఆ శనగగింజ, ఆ రూపాయి బిళ్ల సరిగ్గా చంటిబిడ్డ గొంతుకి అడ్డంపడేంతే ఉంటాయి. ఈసారికి బంతిపూల రెక్కలు, నాలుగు రేగుపళ్లు పోయిద్దాం, చిల్లర పక్కన పళ్లెంలో పెడదాం. పాప కూర్చోలేదు కాబట్టి నీ ఒళ్లోనే ఉంచుకో. అయిపోయినాక గౌను విప్పి, మడతలన్నీ దులిపి, మెడ కింద ముడతలో ఏమైనా ఇరుక్కుందేమో చూసి గానీ పక్క మీద వేయబాక. వీధిలో భోగిమంట దగ్గరికి పాపని అసలు తీసుకుపోవద్దు.

పుట్టువెంట్రుకలకి పదకొండో నెలలో తిరుమల పోదామన్నావు, మంచిదే. ఏడాది లోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రులకి సుపథం అనే దారి నుంచి దర్శనం ఉంది. పాప జనన ధ్రువపత్రం, మీ ఇద్దరి ఆధార్ కార్డులు ఉంచుకోండి. అప్పటికి పాప నిలబడుతుండొచ్చు, క్యూలో ఎవరి చీర పట్టుకుని లేస్తుందో చూసుకోవాలి.

చివరిగా అల్లుడికి ఒక ముక్క, ఇది చదివి వినిపించు. నెల్లూరు స్టేషనుకి మీ మరిది మోటారు సైకిలు తెస్తానన్నాడంట. పాపతో అది కుదరదు. బండి మీద పిల్లలకి బెల్టు, హెల్మెట్ ఉండాలని, నలభై కిలోమీటర్ల వేగం దాటొద్దని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన అమల్లో ఉంది. అందులో హెల్మెట్ తొమ్మిది నెలలు నిండిన పిల్లలకి చెప్పింది. మన పాపకి మెడ నిలిచిందే నిన్నగాక మొన్న, ఏ హెల్మెట్ పెడతాం? కారు మాట్లాడి పంపిస్తా. ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుని కూర్చునే అలవాటు మన వాళ్లందరికీ ఉంది. గట్టిగా బ్రేకు పడితే ఒళ్లో బిడ్డని ఏ తల్లి చేతులూ ఆపలేవు. మీ కారుకి కొన్న బేబీ సీటు ఊడదీసి రైల్లో వెంట తెచ్చుకోండి. వెనక సీట్లో, పాప ముఖం వెనక్కి ఉండేట్టు బిగించాలి. మొయ్యలేమని వదిలేసి రాబాకండి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ