లేయా బాధ లేయాది, రాహేలు బాధ రాహేలుది

చెల్లీ, "దేవుడు వాళ్లింట్లో అన్ని మేళ్లూ చేస్తున్నాడు, నా ప్రార్థన ఎందుకు వినడం లేదక్కా?" అని అడిగావు కదా. మందిరంలో ఒకామె లేచి బిడ్డకు ఉద్యోగం వచ్చిందని సాక్ష్యం చెబుతుంటే పెదవులు "స్తోత్రం" అంటాయి, మనసు మాత్రం మనింటి లోటు లెక్కపెడుతుంది. ఇది నీ ఒక్కదాని బాధ కాదులే. బైబిల్లో సొంత అక్కాచెల్లెళ్లే ఇందులో నలిగిపోయారు.

ఆదికాండము 29, 30 అధ్యాయాలు నింపాదిగా చదువు. లేయాకు బిడ్డలున్నారు, భర్త ప్రేమ లేదు. రాహేలుకు భర్త ప్రేమ ఉంది, ఒడిలో బిడ్డ లేదు. పిల్లల్ని ఇవ్వకపోతే చచ్చిపోతానని రాహేలు, వాళ్లిద్దరి భర్త యాకోబుతో గొడవపడింది. లేయా కొడుకు రూబేను పొలం నుంచి తెచ్చిన పుత్రదాత వృక్షపు పండ్ల దగ్గర అక్కాచెల్లెళ్లు బేరాలకే దిగారు.

అసలీ పోటీ పెట్టిందెవరు? వాళ్లు కాదు. రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేసిన అల్లుడి దగ్గరికి, పెళ్లిరాత్రి లేయాను పంపిన తండ్రి లాబాను. మనకూ అంతే కదమ్మా! "మీ అక్కను చూసి నేర్చుకో", "పెద్ద కోడలు ఎంత పనిమంతురాలో!" ఇలా ఎవరో పెట్టిన పోటీని ఏళ్ల తరబడి మనమే మోస్తుంటాం.

దేవుడు మాత్రం ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూడలేదు. ప్రేమకు నోచుకోని లేయాను చూశాడు. రాహేలును జ్ఞాపకం చేసుకుని ఆమె మొర విన్నాడు. ఎవరి బాధను బట్టి వారిని ఆదరించాడు. మొదటి ముగ్గురు కొడుకులు పుట్టినప్పుడు లేయా మాటల్లో తనకు దక్కని ప్రేమే ఉంది. నాలుగోవాడు యూదా పుట్టాక దేవుణ్ణి స్తుతించి ఊరుకుంది. ఆ యూదా వంశంలోనే దావీదు, ఆ తర్వాత యేసు ప్రభువు. అలాగని ఆమె ఒక్కరోజులో మారిపోలేదు, మళ్లీ పోటీలో పడింది. కాబట్టి నీ మనసు మళ్లీ అటు లాగితే కంగారుపడకు, మళ్లీ ప్రార్థనలో కూర్చో.

గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో, ఎవరి పనిని వారే పరీక్షించుకోమన్నాడు పౌలు. నిరుడు కోపంతో అరిచిన చోట ఈ ఏడు ఓర్చుకున్నావా? ఆ ఎదుగుదల చూసుకో, చాలు. ఈసారి సాక్ష్యం చెప్పినామె దగ్గరికెళ్లి, "మీకోసం ఏమని ప్రార్థించమంటారు?" అని అడిగి చూడు. మేలు పొందిన ఇంట్లోనూ బయటికి చెప్పుకోలేని అక్కర ఏదో ఉంటుంది.

రూతు గ్రంథం చివర్లో బేత్లెహేము పెద్దలు రూతును దీవిస్తూ రాహేలు, లేయాల పేర్లు కలిపే చెప్పారు, ఇద్దరూ ఇశ్రాయేలు ఇంటిని నిలబెట్టినవాళ్లేనని. ఎవరు మిన్నో వాళ్లకు అక్కర్లేకపోయింది.

నీకూ ఇద్దరాడపిల్లలు కదా చెల్లీ. "అక్కలా చదవవేమే?" అనే మాట ఈ రోజు నుంచే మానెయ్యి. లాబాను చేసిన పని మనం చేయొద్దు.