పేర్లు మారే నది బ్రహ్మపుత్ర

నాసిక్ దగ్గర పుట్టిన గోదావరిని రాజమహేంద్రవరంలోనూ మనం గోదావరి అనే పిలుస్తాం. కానీ మన దేశంలో పారే ఒక పెద్ద నది ప్రాంతం మారినప్పుడల్లా పేరు మార్చుకుంటుంది. టిబెట్‌లో అది సాంగ్‌పో, అరుణాచల్ ప్రదేశ్‌లో సియాంగ్, అస్సాంలో బ్రహ్మపుత్ర, బంగ్లాదేశ్‌లో జమున. ఇన్ని పేర్లున్న ఈ నీరంతా ఒకే నది అని ఎలా తెలిసింది? అట్లాసు తెరిచి, ఆ నది వెంట మనమూ ప్రయాణం చేద్దాం.

పుట్టుక

టిబెట్ పీఠభూమి మీద, మానససరోవరానికి దగ్గరలో ఉన్న ఒక హిమానీనదం కరిగి ఈ నది మొదలవుతుంది. హిమానీనదం అంటే కొండవాలు మీద మెల్లగా కదిలే మంచు మేట. సింధు, సట్లెజ్ నదులు కూడా ఆ ప్రాంతంలోనే పుట్టాయి. అవి పడమటి వైపు వెళితే, సాంగ్‌పో తూర్పు దారి పట్టింది. హిమాలయాలకు ఉత్తరంగా, వాటికి సమాంతరంగా వెయ్యి కిలోమీటర్లకు పైగా పారుతుంది. అక్కడ చలి ఎక్కువ, వాన తక్కువ. అందుకే నదిలో నీరూ, ఒండ్రూ తక్కువగానే ఉంటాయి.

పెద్ద మలుపు

తూర్పున 7,700 మీటర్లకు పైగా ఎత్తున్న నామ్చా బర్వా శిఖరం అడ్డు వస్తుంది. నది దాన్ని చుట్టి, దక్షిణానికి తిరిగి, ఇరుకైన లోయలోకి దూకుతుంది. ఇలాంటి లోయను గార్జ్ అంటారు. ప్రపంచంలోని అతి లోతైన గార్జ్‌లలో ఇది ఒకటి. ఆ లోయ దాటి మన దేశంలోకి వచ్చిన నదే సియాంగ్. పాసీఘాట్ దగ్గర అది మైదానంలో అడుగు పెడుతుంది.

కింథుప్ సాహసం

19వ శతాబ్దంలో ఈ మలుపు సంగతి సర్వే అధికారులకు తెలియదు. సాంగ్‌పో నీరు అస్సాంకు వస్తుందని కొందరు, బర్మాలోని ఐరావతిలో కలుస్తుందని కొందరు వాదించేవారు. టిబెట్‌లోకి విదేశీయులకు ప్రవేశం లేదు. అందుకని 1880లో ఒక లామాతో పాటు సిక్కింకు చెందిన కింథుప్‌ను పంపారు. గుర్తులు పెట్టిన దుంగలను సాంగ్‌పోలో వదలాలి. అవి అస్సాంలో కనబడితే రెండూ ఒకే నది అన్నమాట.

కానీ ఆ లామా దారిలో కింథుప్‌ను బానిసగా అమ్మేసి వెళ్లిపోయాడు. కింథుప్ తప్పించుకుని ఒక మఠంలో ఆశ్రయం పొందాడు. అయినా అప్పగించిన పని వదల్లేదు. 500 దుంగలు సిద్ధం చేశాడు. వాటిని వదిలే రోజులు తెలుపుతూ లాసా నుంచి ఉత్తరం పంపాడు. రోజుకు 50 చొప్పున పది రోజులు నదిలో వదిలాడు. ఆ ఉత్తరం సకాలంలో చేరలేదు. కింద అస్సాంలో దుంగల కోసం చూసేవారే లేరు. నాలుగేళ్ల తర్వాత తిరిగి వచ్చి చెబితే చాలామంది నమ్మలేదు. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అనే అధికారులు ఆ లోయ ప్రాంతమంతా తిరిగి చూశాక, చదువు రాని ఆ మనిషి జ్ఞాపకం మీద చెప్పినది చాలావరకు నిజమని తేలింది.

అస్సాం మైదానం

సదియా దగ్గరలో సియాంగ్‌కు దిబాంగ్, లోహిత్ తోడవుతాయి. అక్కడి నుంచి బ్రహ్మపుత్ర. అంటే బ్రహ్మ కుమారుడు. మగపేరు కాబట్టి దీన్ని నది అనక నదం అనడమూ ఉంది.

గోదావరికి వానే ఆధారం. అందుకే ఎండాకాలంలో ఇసుక తేలుతుంది. బ్రహ్మపుత్రకు మంచునీటితో పాటు ఈశాన్య భారతపు భారీ వర్షాలూ తోడవుతాయి. కొండల నుంచి వచ్చే మట్టి నది అడుగున మేటలు వేస్తుంది. నది పాయలుగా చీలి, మన గోదావరి లంకల్లాంటి దీవులను ఏర్పరుస్తుంది. 1950 ఆగస్టు 15న వచ్చిన పెద్ద భూకంపంలో కొండచరియలు విరిగిపడి నది అడుగు ఇంకా పైకి లేచింది. వరదలూ, ఒడ్డు కోతా పెరిగాయి.

ఆ దీవుల్లో పెద్దది మాజులీ. 2016లో అది జిల్లా అయింది. వైష్ణవ సత్రాలకు పేరుపొందిన ఈ దీవిలో ఒకప్పటి నేలలో సగానికి పైగా నది కోసుకుపోయింది. పొలం, ఇల్లు నీటిపాలై అక్కడి కుటుంబాలు మరో చోటికి తరలవలసి వస్తోంది. వరద తెచ్చే ఒండ్రే పైరుకు బలం. ఆ వరదే నేలను మింగుతుంది.

సముద్రం దాకా

ధుబ్రీ దాటాక నది దక్షిణానికి తిరిగి బంగ్లాదేశ్‌లో జమున అవుతుంది. గంగతో కలిశాక పద్మ, ఆ తర్వాత మేఘన. సుమారు 2,900 కిలోమీటర్ల ప్రయాణం బంగాళాఖాతంలో ముగుస్తుంది. అంతర్వేది దగ్గర గోదావరి కలిసేదీ ఆ సముద్రంలోనే.

మీరు చేయండి

1. అట్లాసులో సాంగ్‌పో నుంచి మేఘన దాకా గీత గీసి, ఎక్కడెక్కడ పేరు మారిందో గుర్తించండి.
2. ఇప్పుడు మీరున్న ఊరికి దగ్గరలోని నది ఏది? దాని నీరు మంచుదా, వానదా?
3. ఆ నదిని అక్కడివారు ఏమని పిలుస్తారో పెద్దలను అడిగి రాసుకోండి. బదిలీ అయి కొత్త ఊరు వెళ్లినప్పుడు మరో నదిని ఆ పుస్తకంలోనే చేర్చండి.