ఎగువ వాన, దిగువ వరద

ఏలూరు ప్రక్కగా పారు తమ్మిలేరు ఖమ్మము మెట్టలలో బుట్టి కొల్లేటిని జేరును. గంగకువలె దీనికి మంచుకొండల నీరు లేదు, వానయే యాధారము. అయినను వానలన్నియు నొకే తీరున వరద తేవు. జ్యేష్ఠమున బీటలువారిన నేలపై రెండంగుళముల వాన కురిసినను భూమియే చాలవరకు త్రాగివేయును. ఆ వానయే భాద్రపదమున, నేల నానియున్నప్పుడు కురిసెనా, ఇంకుటకు చోటులేక యేటబడును. చెట్లును ఆకుచెత్తయు గల వాలున నీరు నిలిచి నిలిచి దిగును. అడవి నరికిన వాలున మన్నుతోగూడ నొక్కుమ్మడి దిగును. కొల్లేటి యడుగు మెరకవేయుటకు ఆ యొండ్రును ఒక కారణము. చేరు యేరులు పెక్కు. సముద్రమునకు బోవు త్రోవ మాత్రము ఉప్పుటేరొక్కటే! 2024 సెప్టెంబరు మొదట బెజవాడ పేటలను ముంచిన బుడమేటి నీరును కొల్లేటికే వచ్చినది. కావున లంకలవారు తమ యూరి మబ్బును జూచి నిశ్చింతగా నుండరాదు. భాద్రపదమున ఎగువ పెద్దవాన యని విన్ననాడే పశువులను, ఎరువు బస్తాలను మెరకకు జేర్చుకొనవలెను.