బల్ల మీది కంప్యూటరు, ఒళ్ళోని కంప్యూటరు

పార్వతీపురం నుంచి రాయపూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తయింది. తరవాత కొన్నేళ్ళకు ఆ దారినే మా నాన్నగారు రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను ఈ ఊరి వ్యాగన్ రిపేర్ షాపులో ముప్పై అయిదేళ్ళు పనిచేసి 2014లో రిటైరయ్యాను. మా కాలనీలో కొత్తగా కాపురం పెట్టిన పిల్లలు, ఇంటికి డెస్క్‌టాప్ మేలా, ల్యాప్‌టాప్ మేలా అని నన్ను అడుగుతుంటారు. 2001 నుంచి మా ఇంటికి నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. మూడింటి విషయంలో తప్పు చేశాను. అవే చెబుతాను.

1. కొనే ముందు, దాని ఎదుట ఎవరు కూర్చుంటారో చూసుకో.

2001లో మొదటి డెస్క్‌టాప్ కొన్నాను. పదిహేను అంగుళాల మానిటర్, వెనక ఇంత బొజ్జ, ఇద్దరు పట్టి మోయాల్సిన బరువు. అబ్బాయి పదకొండో తరగతి చదువుతున్నాడని వాడి గదిలోనే పెట్టించాను. అమ్మాయి వాడికంటే రెండేళ్ళు చిన్నది. గది గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉండేది. "అన్నయ్య లేచాక కూర్చుందువులే అమ్మా" అనేవాణ్ణి. వాడు లేచేసరికి దాని నిద్రవేళ అయ్యేది. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక ఒకరోజు మామూలుగానే అడిగింది: "నాన్నా, ఆ కంప్యూటర్ ఇంటికి కొన్నారా, అన్నయ్యకి కొన్నారా?" నా దగ్గర జవాబు లేదు. డెస్క్‌టాప్ ఏ గదిలో ఉంటే ఆ గది మనిషిదవుతుంది. అందరికీ కావాలంటే నలుగురూ తిరిగే హాల్లో పెట్టాలి. ల్యాప్‌టాప్‌కు ఆ చిక్కు లేదనుకుంటారు గాని, అదీ ఎవరి సంచిలో చేరితే వారిదే.

2. ఊరి గాలికి తగ్గ యంత్రం కొను.

రాయపూర్ గాలి సంగతి ఇక్కడ కాపురం చేసినవాళ్ళకే తెలుసు. ఉర్లా, సిల్తరా వైపు స్పాంజ్ ఐరన్ కర్మాగారాలున్నాయి. పొద్దున తుడిచిన డాబా మీద సాయంత్రం చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్ళు నల్లబడతాయి. ఆ దుమ్ము కంప్యూటర్ ఫ్యానులోకీ పోతుంది. దీనికి తోడు వేసవి కూలర్. గడ్డి మీదుగా వచ్చే తడిగాలి నేరుగా సీపీయూ డబ్బా మీదికి కొట్టేలా పెట్టి, అది చల్లబడుతుందని సంతోషించాను. తడీ దుమ్మూ కలిసి ఫ్యాను రెక్కల మీద బురదలా అట్టకట్టాయి. విప్పి చూసినప్పుడు, షాపులో నెలల తరబడి కడగని బేరింగు గుర్తొచ్చింది.

డెస్క్‌టాప్‌తో ఉన్న సుఖం ఏమిటంటే పక్క పలక రెండు స్క్రూలు తీస్తే ఊడుతుంది. ప్లగ్గు పీకి, ఫ్యాను తిరగకుండా వేలితో ఆపి, మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలు. మూడు నెలలకొకసారి నేనే చేస్తాను. ల్యాప్‌టాప్ విప్పడం అందరికీ చేతనయ్యే పని కాదు.

దాని ఇబ్బంది మరొకటి, వేడి. 2015లో ల్యాప్‌టాప్ కొని, డెస్క్‌టాప్‌లాగే బల్ల మీద పెట్టి, రాత్రింబవళ్ళు ఛార్జర్ తగిలించి ఉంచాను. 2018 మే నెల, నౌతపా అనే మండుటెండల రోజులు. వేళ్ళతో రుద్దే టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉబ్బింది. చేత్తో అదిమాను. చేయకూడని పని అది. నిండా ఛార్జయి వేడిలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీలో వాయువు పుట్టి ఉబ్బవచ్చు. గట్టిగా నొక్కితే అంటుకోవచ్చు కూడా. అలా కనిపిస్తే ఆపేసి, ఛార్జర్ తీసి, తెలిసినవాళ్ళ చేత బ్యాటరీ తీయించండి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోవచ్చు. ఎప్పుడూ ప్లగ్గుకే ఉండేదైతే అలా పెట్టుకోండి.

3. కదలని మనిషికి కదిలే యంత్రం అక్కర్లేదు.

ఆ ల్యాప్‌టాప్ మా ఇద్దరి కోసమే కొన్నాను. చోటు కలిసొస్తుందని దుకాణంలో చెప్పారు, ఒప్పుకున్నాను. మేమిద్దరం దాన్ని ఆ బల్ల మీద నుంచి ఒక్కరోజు కదిపింది లేదు. ఏడాది తిరిగేసరికి మా ఆవిడకు మెడనొప్పి పట్టుకుంది. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేతులకు అందేలా పెడితే తల వంచాలి, కళ్ళకు ఎదురుగా ఎత్తితే చేతులు పైకి లేపాలి. తెర పైఅంచు కంటి ఎత్తుకు రావాలని ఫిజియోథెరపీకి వెళ్ళినచోట చెప్పారు. విడి కీబోర్డూ మౌసూ కొని, ల్యాప్‌టాప్‌ను పుస్తకాల దొంతి మీదికి ఎత్తాక కొంత నయమైంది. ఆ నొప్పి ఆమె రెండేళ్ళు చెప్పకుండా భరించింది, నేను అడగలేదు.

4. కరెంటు లెక్క చిన్నది, కరెంటు పోవడమే పెద్దది.

పాత డెస్క్‌టాప్ మానిటర్‌తో కలిపి 150 వాట్లు తాగితే, ల్యాప్‌టాప్ 50 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకు అయిదు గంటలు నడిపితే నెలకు తేడా పదిహేను యూనిట్లు. దానికోసం నిర్ణయం మార్చుకోనక్కర్లేదు. కాని డెస్క్‌టాప్ కొంటే యూపీఎస్ తప్పదు, దాని బ్యాటరీకి రెండు మూడేళ్ళకొకసారి ఖర్చూ తప్పదు. ఆ డబ్బు మొదటే లెక్కలో వేసుకోండి.

5. పాతదాన్ని పంపేముందు లోపల ఏముందో చూడు.

ఇది చెప్పడానికే మనసు రాదు. 2009లో కొన్న రెండో డెస్క్‌టాప్‌ను 2019 దీపావళి సర్దుళ్ళలో పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేశాను. కొన్ని వందల రూపాయలు వచ్చాయి. అందులోని హార్డ్ డిస్క్ తీయలేదు. 2011లో జరిగిన అమ్మాయి పెళ్ళి ఫోటోలు, ఆ పెళ్ళిలో నవ్వుతూ కూర్చున్న మా అమ్మ ఆఖరి ఫోటోలు దాంట్లోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. నాలుగు స్క్రూలు తిప్పితే అరచేతిలోకి వచ్చే వస్తువు అది. జీవితమంతా స్క్రూలు తిప్పి బతికినవాణ్ణి, ఆ రోజు తిప్పలేదు.

అయిదు నెలలకే లాక్‌డౌన్ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'పఢాయీ తుంహర్ దువార్' పేరుతో ఇంటికే పాఠాలు మొదలుపెట్టింది. మనవరాలి బడీ ఆన్‌లైన్ క్లాసులు పెట్టింది. ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ మీద అబ్బాయి ఆఫీసు పని. ఎనిమిదేళ్ళ పిల్ల ఫోన్ తెర మీదికి వంగి లెక్కలు ఎక్కించుకునేది. పాత డెస్క్‌టాప్ నెమ్మదిదైనా ఆ పిల్లకు సరిపోయేది.

6. భాగాలు మార్చుకోగలిగింది ఎక్కువ కాలం నడుస్తుంది.

షాపులో వ్యాగన్‌కు చక్రాలు అరిగితే చక్రాలే మార్చేవాళ్ళం, వ్యాగన్ మళ్ళీ పట్టాలెక్కేది. దుకాణాలు తెరిచాక కొన్న డెస్క్‌టాప్ ఎవరో వాడి వదిలింది, అసెంబుల్డ్. హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ పెంచితే దాని నడకే మారింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే ఉచిత అప్‌డేట్లు ఆగాయి. పాత ప్రాసెసర్ విండోస్ 11కు పనికిరాదన్నారు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మార్పించాను. డబ్బా, మానిటర్, కీబోర్డు అవే. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది, కొన్నిటిలో ర్యామ్ కూడా. ల్యాప్‌టాప్ కొనేటప్పుడే, ర్యామ్ పెంచుకోవచ్చా, బ్యాటరీ విడిగా దొరుకుతుందా అని అడగండి.

ఊళ్ళు తిరిగే ఉద్యోగమో, హాస్టల్ చదువో ఉన్నవాళ్ళకు ల్యాప్‌టాపే ఇవ్వాలి, అందులో నాకు సందేహం లేదు. మనవరాలు పై చదువుకు విశాఖ వెళ్తే దానికి అదే కొంటాను.

7. పెద్దల కళ్ళకు పెద్ద తెర.

ఈ డెస్క్‌టాప్ హాల్లో ఉంది. ఇరవై నాలుగు అంగుళాల మానిటర్. అరవై ఎనిమిదేళ్ళ మా ఆవిడ పొద్దున్నే కాఫీ గ్లాసుతో దాని ముందు కూర్చుని, ఆంధ్రా కబుర్లున్న తెలుగు పేపరు అందులో పెద్ద అక్షరాల్లో పైకి చదువుతుంది. మనవరాలు బళ్ళో హిందీ, ఇంగ్లీషు చదువుతుంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. ఈమధ్య నానమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటోంది. మొన్న మా సొంతూరి పేరు దగ్గర, వ ఒత్తు ఏమిటో తెలియక ఆగిపోయింది. మౌసు చక్రం తిప్పి ఆ అక్షరాన్ని అరచేయంత చేసి, వేలు పెట్టి, నెమ్మదిగా కూడబలుక్కుని, పార్వతీపురం అని చదివింది.