కసరత్తు చేయువారికి అమైనో ఆమ్లముల పొడి అవసరమా?

వ్యాయామశాలకు వెళ్లు యువకులు, అలసిన కండరములు త్వరగా కోలుకొనునని అమైనో ఆమ్లముల పొడి కొని, వాడవచ్చునా అని నన్ను అడుగుచున్నారు. అట్టి డబ్బాలలో తరచుగా ఉండునవి ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అను మూడే. మాంసధాతువునకు ఆహారము నుండి తప్పక అందవలసినవి 9. ల్యూసిన్ పని మొదలుపెట్టించు మేస్త్రి వంటిది. ఇటుకలు లేక మేస్త్రి గోడ కట్టునా? పాలు, గుడ్లలో తొమ్మిదియు కలవు. బియ్యమున కొరవడు లైసిన్‌ను కందిపప్పు, పప్పున కొరవడు మిథియోనిన్‌ను బియ్యము పూరించును. అయితే మన ఇండ్లలో అన్నము కుప్పగా, పప్పు గరిటెడు మాత్రమే వడ్డింతురు! పప్పు పెంచి, పూటపూటకు పాలో పెరుగో చేర్చిన, ఆరోగ్యవంతునికి డబ్బా అక్కరలేదు. ఊపిరి నోటికి వచ్చుట సగము బలము వ్యయమైనదనుటకు గుర్తని సుశ్రుతుడు చెప్పెను, అక్కడ ఆగవలెను. నొప్పి పెట్టిన కండరమునకు ఒకటి రెండు రోజులు విశ్రాంతినిచ్చి, గోరువెచ్చని నువ్వుల నూనెతో మర్దన చేయుడు. మూత్రపిండ వ్యాధి గలవారు వైద్యుని అడుగక ఈ పొడులు ముట్టరాదు.