మూత ఎన్నిసార్లు తీయాలి?

పిల్లలూ! పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నప్పుడు అమ్మ ఏం చేస్తుందో గమనించారా? నడుమ నడుమ మూత తీసి, మెతుకు పట్టి చూస్తుంది. అసలు చూడకపోతే అన్నం మాడిపోతుంది. మాటిమాటికీ మూత తీస్తే ఆవిరి పోయి ఉడకడం ఆలస్యమవుతుంది. ఇంటర్నెట్‌లోనూ ఇలాంటి చిక్కే ఒకటి ఉన్నది.

తొర్రూరులో మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు నన్నిలా అడిగాడు: "సార్, మన ఊరి పేరు కొట్టగానే సెర్చ్ ఇంజన్ సమాధానం చూపిస్తుంది. ప్రపంచంలోని పుటలన్నీ అది రెప్పపాటులో ఎలా చదువుతుంది?"

నిజానికి అది అప్పటికప్పుడు చదవదు. ముందే చదివి, ఏ మాట ఏ పుటలో ఉన్నదో పట్టిక రాసి పెట్టుకుంటుంది. మన పాఠ్యపుస్తకం చివర ఉండే పదసూచిక వంటిదే అది. ఈ చదివే పని చేసే ప్రోగ్రామును క్రాలర్ అంటారు. అది ఒక పుటను తెచ్చుకుని, అందులోని లింకులను పట్టుకుని తరువాతి పుటలకు పోతుంది. ఇటువంటి తొలి ప్రోగ్రాములలో ఒకదాన్ని 1993లో అమెరికాలో మాథ్యూ గ్రే తయారుచేశాడు.

మళ్ళీ మళ్ళీ ఎందుకు రావాలి?

పుటలు మారుతుంటాయి గనుక. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో పత్తి ధరను రోజూ ప్రకటించే పుట ఒకటి ఉన్నదనుకుందాం. క్రాలర్ పది రోజులకొకసారి వస్తే, దాని పట్టికలో పాత ధరే ఉండిపోతుంది. దాన్ని నమ్మి బయలుదేరిన రైతు నష్టపోవచ్చు. అదే, ఒక బడి చరిత్ర చెప్పే పుట ఏడాదికొకసారి కూడా మారకపోవచ్చు. దాన్ని రోజూ చదవడం దండుగ. అంటే, పుట ఎంత తరచుగా మారుతుందో దాన్ని బట్టి రాకపోకలు ఉండాలన్నమాట.

ఎక్కువైతే ఏమవుతుంది?

చిన్న లెక్క చేద్దాం. ఒక సర్వర్ సెకనుకు 10 పుటలు ఇవ్వగలదు. మూడు క్రాలర్లు ఒకేసారి వచ్చి, ఒక్కొక్కటి సెకనుకు 4 పుటలు అడిగాయి. మొత్తం 12. సెకనుకు 2 చొప్పున వరుస పెరుగుతుంది. పది నిమిషాలలో 1,200 కోరికలు నిలిచిపోతాయి. ఆ వరుస చివర నిలబడేది ఎవరు? పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే మీవంటి విద్యార్థి కావచ్చు.

ఇది ఊహ మాత్రమే కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మీకు తెలుసు కదా! దాన్ని నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2025 ఏప్రిల్‌లో ఒక విషయం వెల్లడించింది. తమ పుటల వీక్షణలలో ప్రోగ్రాములవి సుమారు 35 శాతమే. కానీ ఎక్కువ ఖర్చు పెట్టించే రాకపోకలలో 65 శాతం వాటివేనట! కారణమేమిటి? ఎక్కువమంది చదివే పుటల నకళ్ళు దగ్గరి కేంద్రాలలో సిద్ధంగా ఉంటాయి. మనుషులు ఎక్కువగా అవే చదువుతారు. ప్రోగ్రాములు మాత్రం అరుదుగా చదివే పుటలను కూడా వరుసబెట్టి అడుగుతాయి. వాటిని ప్రధాన కేంద్రం నుంచి తేవాలి. కృత్రిమ మేధకు చదువు నేర్పడానికి సమాచారం పోగుచేసే క్రాలర్లు పెరగడంతో ఈ బరువు పెరిగింది.

అదుపు చేసే మార్గాలు

మొదటిది, గుమ్మం దగ్గర చీటీ. 1994లో మార్టైన్ కోస్టర్ "రోబోట్స్ డాట్ టి.ఎక్స్.టి." అనే చిన్న ఫైలును ప్రతిపాదించాడు. ఏ పుటలకు రావద్దో అందులో రాస్తారు. 2022లో దీనికి ప్రమాణపత్రం వెలువడింది. "రెండు పుటల నడుమ 10 సెకన్లు ఆగు" అని రాసే పద్ధతీ ఉన్నది గాని, ప్రమాణపత్రంలో అది లేదు. బింగ్ క్రాలర్ దాన్ని పాటిస్తుంది. గూగుల్ క్రాలర్ పట్టించుకోదు.

రెండవది, సర్వర్ ఇచ్చే జవాబు. "నేను వెళ్ళాక ఈ పుట మారిందా?" అని క్రాలర్ అడిగితే, సర్వర్ 304 అనే సంఖ్యతో "మారలేదు" అంటుంది. పుట మొత్తం పంపే పని తప్పుతుంది. 429 అంటే "మరీ ఎక్కువగా అడుగుతున్నావు". 503 అంటే "ఇప్పుడు వీలుకాదు". ఈ రెండూ కనిపిస్తే గూగుల్ క్రాలర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అందుకే సైటు యజమానులు వేగాన్ని తగ్గించుకునేందుకు ఇచ్చిన పాత సాధనాన్ని గూగుల్ 2024 జనవరిలో తొలగించింది. అయితే ఒకటి రెండు రోజులకు మించి ఇదే జవాబిస్తే, ఆ పుటలు పట్టిక నుంచే జారిపోవచ్చు.

మూడవది, సైట్‌మ్యాప్. ఏ పుట ఎప్పుడు మారిందో తేదీలతో చెప్పే జాబితా ఇది. మారినవాటినే చదువుకోవడానికి తోడ్పడుతుంది.

ఒక సంగతి మరవకండి. గుమ్మం మీది చీటీ తాళం కాదు. మర్యాదగల క్రాలర్ దాన్ని చదివి ఆగుతుంది; మర్యాద లేనిది దూసుకుపోతుంది. అటువంటిదాన్ని సర్వరే లెక్కపెట్టి ఆపాలి. పూర్తిగా తలుపులు మూసినా నష్టమే. అప్పుడు మన పుటలో ఏమున్నదో సెర్చ్ ఇంజనుకు తెలియదు, వెతికేవారికి అది అందదు.

లెక్క చేసి చూడండి

10 సెకన్లకొక పుట చొప్పున చదివితే రోజుకు 8,640 పుటలు అవుతాయి. 20,000 పుటల సైటుకు సుమారు రెండున్నర రోజులు చాలు. లక్ష పుటల సైటుకు ఎన్ని రోజులు పడుతుంది? ఆ సైటులో 500 పుటలే రోజూ మారితే, మీరైతే క్రాలరును ఏ వరుసలో నడిపిస్తారు? మీ మిత్రులతో చర్చించండి.